పెదనాన్న రాసుకున్న నీటిమట్టం

పెదనాన్న పోయాడని మా ఊరు లబాసా నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. నేను సువాలో పాఠం చెప్పే స్కూలుకు బయల్దేరుతున్నాను. "సరే" అని మాత్రం అన్నాను. బస్సులో కూర్చున్నాక ఏడుపు వచ్చింది. ఎవరి కోసం ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

ఆయనది చెరుకు సాగు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నాళ్ళకు నీటి కొలతల ఆఫీసువాళ్ళు మా పొలాలకు ఎగువన నది మీది వంతెన స్తంభానికి అంకెల పలక బిగించి, దాన్ని చూసే పని ఆయనకు అప్పగించారు. రోజూ రెండుసార్లు సైకిలు మీద వెళ్ళి, నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో పుస్తకంలో రాయాలి. వాన ముదిరితే గంటగంటకూ చూసి ఫోన్ చేయాలి. గట్టు దిగేముందు చెప్పులు విడిచేవాడు. అదేమన్నా గుడా అని మా అమ్మ ఆటపట్టించేది.

"జారి పడితే అంకె కౌన్ చూస్తది, మీ అత్తా?" అని మా ఫిజీ హిందీ కలిపి అనేవాడు.

అలలు లేస్తుంటే మూడుసార్లు చూసిగానీ రాసేవాడు కాదు. "ఆంఖ్‌తో చూసిందే రాయాలి బేటీ. అందాజ్ రాస్తే పాపం" అని నాకు చెప్పేవాడు.

ఒక్కరోజు మాత్రం ఆయనే అందాజు చెప్పాడు. తుఫాను వాన. పలక మీద నాలుగో మీటరు దాటాక నీళ్ళు మా పొలాల మీదికి రావడానికి రెండు గంటలు పడుతుందని ఏళ్ళ తరబడి చూసి లెక్క కట్టాడు. పై కొండల మీద చెట్లు కొట్టేశారని, వాన నీళ్ళను ఆపేది ఇక ఏమీ లేదని ఆ లెక్కలో కలపలేదు.

"దో గంటా ఉంది అమ్మా. పోయి ఎద్దుల్ని విప్పుకుని రా" అని మా అమ్మతో చెప్పి వంతెన దగ్గరికి వెళ్ళిపోయాడు.

గంట తిరగకముందే నది వచ్చేసింది. ఎద్దులు ఈదుకుంటూ గట్టెక్కాయి. అమ్మ రాలేదు.

ఆ రోజు పుస్తకం నేను చూశాను. గంటగంటకూ అంకె ఉంది. అమ్మ సంగతి మనిషి వెళ్ళి చెప్పిన తర్వాత కూడా ఉంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఎట్లా రాశావని నిలదీశాను.

"నీచే ఇంకా మనుషులు ఉన్నారు బేటీ" అన్నాడు.

దిగువ ఊళ్ళవాళ్ళ గురించి ఆయన అన్నది న్యాయమే. న్యాయమని తెలిసేకొద్దీ నాకు కసి పెరిగింది. నది వైపు వెళ్ళడం మానేశాను. ఆయన కూడా ఎన్ని గంటలుందో ఎవరికీ చెప్పడం మానేశాడు. అడిగినవాళ్ళకు పుస్తకం తెరిచి చూపించేవాడు, అంతే.

ఆయన చెడ్డవాడని మీరు అనుకోకండి. నాన్న అంతకుముందే పోయాడు, అమ్మ పోయాక నన్ను పెంచింది ఈయనే. రోజూ స్కూలు బస్సు దాకా సైకిలు మీద దింపేవాడు. వెనక కూర్చుని ఒక్క మాట మాట్లాడేదాన్ని కాదు. ఆయనా కదిలించేవాడు కాదు. ఈ రోజు నేను పిల్లలకు పాఠం చెబుతున్నానంటే ఆ సైకిలు వల్లే. ఆ మాట ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

తర్వాత ఆఫీసువాళ్ళు తనంతట తానే మట్టం పంపే యంత్రం పెట్టి, ఇక రావద్దన్నారు. కాళ్ళు ఆడినంతకాలం ఆయన వెళ్ళాడు.

పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. కొండల్లో మూడు రోజులుగా వాన. మంచం మీంచి నన్ను పిలిచాడు.

"బేటీ, పానీ కిత్నా ఉంది? నువ్వు పోయి దేఖ్‌కే రా."

ఇన్నేళ్ళలో నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. గేటు దాకా వెళ్ళాను. నది హోరు వినిపించింది. కాసేపు అక్కడే నిలబడి, లోపలికి వచ్చి, "ఒకటిన్నర మీటరు" అన్నాను.

ఆయన కిటికీ వైపు తల తిప్పి విన్నాడు. ఆ హోరు ఒకటిన్నరది కాదని ఆయనకు తెలియదా? నా ముఖంలోకి చూశాడు. దిండు కింద నుంచి పుస్తకం తీసి, తేదీ వేసి, ఒకటిన్నర అని రాసుకున్నాడు.