నేను అనిపించిన హల్లెలూయా

పదకొండేళ్లుగా ఒక హల్లెలూయా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. చర్చిలో ఆ పాట వచ్చినప్పుడు అందరూ అంటారు, నేను పెదవులు మాత్రం కదిలిస్తాను. పక్కన నిలబడినవాళ్లకు తేడా తెలియదు. నువ్వెవరో నాకు తెలియదు కాబట్టే నీకు చెబుతున్నాను. నా పేరు అడగవద్దు. నేను రాయబోయే ఏలియా అన్న పేరు కూడా ఆ మనిషి అసలు పేరు కాదు.

ముందు నా గొప్ప చెప్పుకోనీ. అది చెప్పకుండా తప్పు చెబితే నీకు సగమే తెలుస్తుంది.

బద్వేలులో నేను ఇంగ్లీషు టీచరును. మా చర్చి యువకులు ఫోన్లలో రాక్ పాటలు వింటుంటే పెద్దలు సాతాను సంగీతమని చీవాట్లు పెట్టేవారు. దాంతో ఒక్కొక్కరే రావడం మానేశారు. అప్పుడు నేను శనివారం సాయంత్రాలు ఒక కూటం మొదలుపెట్టాను. మీకు నచ్చిన పాట తెండి, అందులో ప్రభువు ఎక్కడున్నాడో నేను చూపిస్తాను అన్నాను. తెచ్చారు. డ్రమ్ములు పగిలిపోయే పాటలు, పాడేవాడు అరుస్తున్నాడో ఏడుస్తున్నాడో తెలియని పాటలు. ఒక్కో పంక్తి దగ్గర ఆపి, తెలుగులో చెప్పి, పక్కన బైబిలు వాక్యం నంబరు రాసేదాన్ని. ఇల్లు వదిలి పోయినవాడి పాటలో తప్పిపోయిన కుమారుడు దొరికాడు. తాగి రోడ్డు మీద పడ్డవాడి పాటలో కూడా కృప దొరికింది. ఏడుగురితో మొదలైన కూటం ఏడాది తిరిగేసరికి హాలు చాలనంత అయింది. టీచరమ్మకు రాయి ఇచ్చినా అందులోంచి వాక్యం పిండుతుంది అనేవారు. పొగరే మరి నాకు. ఎందుకుండకూడదు?

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. కొత్త పాట ఏదైనా సంఘంలో పాడాలంటే ప్రతి పంక్తికీ వాక్యాధారం చూపించాలి. ముగ్గురు సంఘపెద్దలు కూర్చుని వింటారు. ఒక్క పంక్తికి ఆధారం లేకున్నా పాట వెనక్కి వస్తుంది.

ఏలియా గిటారు పట్టింది నా కూటంలోనే. కరెంటు వైరింగు పని చేసేవాడు. ఇరవై మూడేళ్లు. వాళ్ల నాయన నాపరాళ్ల గనిలో కూలి. ఒకరోజు బండ జారి మీద పడింది. ఆసుపత్రిలో మూడు రోజులుండి చనిపోయాడు. ఆ మూడు రోజులూ ఏలియా వరండాలో మోకాళ్ల మీదే ఉన్నాడట. తర్వాత చర్చికి వచ్చేవాడు గానీ ప్రార్థనలో తల వంచేవాడు కాదు. వాళ్లమ్మ అది చూసి కుమిలిపోయేది.

నాయన పోయి ఏడాది కావస్తుండగా ఏలియా ఒక పాట కట్టాడు. తెలుగు మాటలు, వరస అచ్చమైన రాక్.

రాయి పడినకాడి నుంచి మూడు దినాలు
గొంతు పోయేదాకా నిన్నే పిలిస్తి
నువ్వు రాలే, నువ్వు రాలే

అంతే పాట. ఇవే మాటలు తిప్పి తిప్పి, తిప్పినప్పుడల్లా ఇంకా గట్టిగా. చివర మాట మధ్యలోనే గిటారు టక్కున ఆగిపోతుంది. నాకు పాడి వినిపించి, ఆ ఆగిన చోట వేలు పెట్టి చూపించినట్టు చెప్పాడు.

"మా నాయన ఊపిరి ఈడ నిల్చిపాయ. ఇది ప్రార్థన కాదు మా, కొట్లాట. దేవుని ఇంట్లోనే నిలబడి దేవుణ్ణి అడగాల నేను. పెద్దోళ్లు ఒప్పుకుంటే పాడతా, లేకుంటే లేదు. నువ్వు మాత్రం దీనికి వాక్యం అతికించొద్దు."

"సరేలేప్పా, అతికించను," అన్నాను.

నిజంగానే అనుకున్నాను. పెద్దలకు ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. బైబిలు కీర్తనల్లో దేవుడితో పోట్లాడినవాళ్లు లేరా, ఇదీ అలాంటిదే, పిల్లవాణ్ణి అడగనివ్వండి అని. అంతే చెప్పి ఉంటే ఈ రోజు నీతో ఈ మాటలు ఉండేవి కావు.

కానీ పెద్దలలో పెద్దాయన కాగితం చదివి, కళ్లజోడు మీదుగా నన్ను చూసి నవ్వాడు. "ఏమ్మా టీచరూ, దీంట్లో నీగ్గూడా వాక్యం దొరకలేదా?" అన్నాడు.

దొరకలేదా? నాకా?

నోరు దానంతట అదే తెరుచుకుంది. ఇది ఏలియా గొంతు కాదన్నాను, సిలువ మీద ప్రభువు గొంతు అన్నాను. రాయి సమాధి రాయి. మూడు దినాలు ప్రభువు సమాధిలో ఉన్న మూడు దినాలే. నువ్వు రాలే అన్నది తండ్రి అయిన దేవుడు తనను విడిచినప్పటి కేక. మరి ఆ చివర? గిటారు ఆగిపోయాక మిగిలే నిశ్శబ్దం ప్రభువు తిరిగి లేచాక ఖాళీ అయిన సమాధి అన్నాను. అబ్బా, ఎంత బాగా చెప్పాను! పెద్దాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, ఆ పిల్లోడు ఇదే తలంపుతో రాసినాడా అని.

"ఇదే పెద్దయ్యా. నాకాడ ఏడ్చుకుంటా చెప్పినాడు," అన్నాను.

అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని సండే స్కూల్లో ఎంతమంది పిల్లలకు కంఠతా పట్టించానో లెక్కలేదు.

ఏలియాతో చెబుదామనుకునేలోపే ఆదివారం వచ్చింది. పెద్దాయన సంఘం ముందు నిలబడి, నా వివరణ అంతా ఏలియా సాక్ష్యంగా చెప్పేశాడు. వాళ్లమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి కొడుకును కావలించుకుంది. నా కొడుకును ప్రభువు మళ్లీ ఇచ్చినాడు అని ఒకటే ఏడుపు. ఆమె భుజం మీదుగా ఏలియా నన్ను చూశాడు. ఆ తల్లి ముందు కాదని ఎలా చెబుతాడు? పాడాడు. చివర గిటారు టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో పెద్దాయన చేతులెత్తి హల్లెలూయా అన్నాడు. వెంటనే హాలంతా లేచి హల్లెలూయా అంది.

నా ఒళ్లు పులకరించింది. అవును, పులకరించింది. అది కూడా చెప్పకపోతే ఇది ఒప్పుకోలు కాదు.

అందరూ వెళ్లాక ఏలియా గిటారును సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"మా నాయన సచ్చిపోయినకాడ అందరితో హల్లెలూయా అనిపిస్తివే మా," అన్నాడు. అంతే.

మళ్లీ గిటారు ముట్టలేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఫ్యాను చెడిపోతే వచ్చి బాగుచేసి పోతాడు. బాగుండావా మా అంటాడు. పాట మాట ఎత్తడు.

పాట మాత్రం ఆగలేదు. ఆత్మకూరు నుంచి మంగంపేట దాకా, చనిపోయినవాళ్ల కోసం పెట్టే ఏ సమాధి కూడికకు పోయినా వినిపిస్తుంది. ఆ చివరి నిశ్శబ్దంలో హల్లెలూయా అనడం ఆచారమైపోయింది. ఎంతమంది విధవరాళ్లు ఆ మాటతో కన్నీళ్లు తుడుచుకున్నారో చూశాను. మరి తప్పెక్కడ అని నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. ఏలియాను సంఘంలో నిలబెట్టడానికి చేశానా? వాళ్లమ్మ కోసమా? కాదు. ఒక ముసలాయన నవ్వినందుకు చేశాను.

వాళ్లమ్మ పోయిన ఏడాది చనిపోయింది, కొడుకు తిరిగొచ్చాడన్న నమ్మకంతోనే. ఇప్పుడు మా సంఘం పాటల పుస్తకం కొత్తగా అచ్చు వేస్తున్నారు. ఆ పాట పుట్టిన కథ అరపేజీ రాసివ్వమని నన్నే అడిగారు. మూడుసార్లు పాత కథే రాసి చించేశాను. ఈ ఉదయం రాస్తే ఇది వచ్చింది.

ఏలియా అడిగింది దేవుణ్ణి. మధ్యలో దూరి జవాబు చెప్పింది నేను. అంత బాగా చెప్పాను కాబట్టే ఆ ప్రశ్న ఇంకెవరికీ వినపడలేదు.

దీన్ని ముందు ఏలియాకు ఇస్తాను. క్షమించమని అడగను, అడిగితే ఆ రోజు వాళ్లమ్మ ముందు లాగే కాదనలేని చోట మళ్లీ నిలబెట్టినట్టే అవుతుంది. పెద్దలు అచ్చు వేస్తారో లేదో వాళ్లిష్టం. అచ్చుకు పోయే కాగితంలో పాట పక్కన నేను రాసిన వాక్యాల నంబర్లు అన్నీ కొట్టేశాను. ఒక్కొక్కటి కొట్టేస్తుంటే ఎంత చక్కగా కుదిరాయో అనిపించింది, ఏం చేయను. చివర, గిటారు ఆగే చోట, ఎర్ర పెన్నుతో ఒక మాట రాశాను.

ఇక్కడ ఎవరూ ఏమీ అనవద్దు.