ఒక దెబ్బ అంటే వెలిగింది

పద్మనగర్ గాలయ్య ఒకనాడు ఒక టెంపోకు బ్రేకు లైటు బాగుచేస్తే, ఆ రోజు మా పేటలో పొద్దు గుంకలేదు. ఆ లైటు ఎరుపు చూసి ఇంకా సాయంత్రమే అనుకుని, పగటి షిఫ్టు వాళ్ళు రెండు గంటలు ఎక్కువ నేశారు. రాత్రి షిఫ్టు వాళ్ళు కార్ఖానా గుమ్మాల్లో గోళ్ళు గిల్లుకుంటూ నిలబడ్డారు. నమ్మరు కదూ? ఎనిమిదో తరగతి మూడేళ్ళు చదివి, విసుగొచ్చి బడినే వదిలిపెట్టినవాణ్ణి. నా చదువు మీద ఒట్టు.

గాలయ్యది బండ్ల కరెంటు పని. మగ్గాల షెడ్ల మధ్య గల్లీ మూలన రేకుల దుకాణం. లోపల ఒక బ్యాటరీ చార్జరు, ఒక స్టూలు. ఇదివరకు స్టూళ్ళు రెండుండేవి. మనిషి ఒకప్పుడు మగ్గాలు నడిపినవాడే. తెగిన పోగును కళ్ళు మూసుకుని పట్టేవాడు, ఇప్పుడు తెగిన వైరును అట్లాగే పడతాడు. అవతల టెంఘర్ పేట దాకా ఎక్కడ వైరు తెగినా ఆయన చిటికెన వేలు దురదపెడుతుందని నేను పదిమందికి చెప్పి ఉన్నాను.

హారను, స్టార్టరు, హెడ్‌లైటు, ఏ పనైనా తీసుకుంటాడు. బ్రేకు లైటు మాత్రం ముట్టడు. "నిజాంపురాకు తీస్కపో" అని వేరే పేటలోని మెకానిక్ దగ్గరికి పంపుతాడు. మూడేళ్ళుగా ఇదే మాట.

కారణం కనకవ్వ, ఆయన భార్య. బ్రేకు లైటు ఇద్దరి పని. ఒకరు లోపల పెడల్ తొక్కాలి, ఒకరు వెనక నిలబడి వెలిగిందో లేదో చెప్పాలి. అటూ ఇటూ మగ్గాలు మోగుతుంటే గొంతు చించుకున్నా వినబడదు. అందుకని కనకవ్వ కండెలు చుట్టే పని వదిలి వచ్చి, బండి వెనక రేకును అరచేత్తో కొట్టేది. ఒక దెబ్బ అంటే వెలిగింది. రెండు దెబ్బలంటే లేదు. మూడంటే అన్నం చల్లారుతోంది. ఆ దెబ్బ చెవికి కాదు, సీటులోంచి నడుముకు తెలిసేది.

కనకవ్వ జ్వరంతో చనిపోయిన నెలలోనే ఒక బండి వచ్చింది. గాలయ్య పెడల్ తొక్కి, దెబ్బ కోసం ఆగాడు. ఇప్పటికీ తొక్కే ఉన్నాడని నేను చెబుతుంటాను. నిజానికి పావుగంట. బండివాడే వచ్చి భుజం తట్టి దింపాడు. ఆ తరువాత ఆ పని లేదు.

మొన్న ఒక మధ్యాహ్నం యోగేష్ టెంపో తెచ్చాడు. బట్ట తాన్లు మోసే బండి. బ్రేకు తొక్కితే వెనక ఒక్క లైటూ వెలగడం లేదు. మూడు గంటలకు సర్కారు పరీక్ష, పాసింగు. అందులో తప్పితే మరునాటి నుంచి బండి రోడ్డెక్కదు.

"కాకా, జర చూడు."

"బ్రేకు లైటా? నిజాంపురాకు పో."

"గా ట్రాఫిక్‌ల ఇరుక్కుంటె పాసింగు ఏడ దొరుకుతది? నువ్వు గిట్ల మొండికేస్తె బండి నీ దుకాణం ముందలనే ఇడ్సిపెడ్త. పొద్దుగాల లేస్తె దీని మొకమే చూడు."

"నీ మొకం కంటె నయమే" అన్నాడు గాలయ్య. కానీ లేచాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక రేకు దగ్గర ఆగి, మళ్ళీ ముందుకు వచ్చాడు.

నేను చాయ్ తాగుతూ సలహాలిస్తున్నాను. బల్బు పోయిందన్నాను. తీసి చూశాడు, మంచిదే. ఫ్యూజు అన్నాను. అదీ మంచిదే. "నువ్వు చాయ్ తాగు" అన్నాడు.

సీటుకూ పెడల్‌కూ మధ్య పాత మగ్గం కర్రను బిగించాడు. కాలు బదులు కర్ర. టెస్టు బల్బు వైరు ఒకటి ఇనుముకు తగిలించి, రెండోదానితో పెడల్ పైనున్న స్విచ్చును తాకాడు. బల్బు వెలిగింది. కరెంటు స్విచ్చు దాటి వస్తోందన్నమాట. వెనక లైటు దగ్గర తాకాడు. లేదు. మధ్యలో ఎక్కడో ఆగింది. బండి కిందికి దూరి, వైరును వేళ్ళ మధ్య జార్చుకుంటూ పోయాడు. ఒక నల్ల టేపు ముద్ద దగ్గర వేళ్ళు ఆగాయి. టేపు విప్పాడు.

లోపల ముడి. మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి, చిన్నగా, ముద్దుగా. వైరు పైన ప్లాస్టిక్ తొడుగు తీయనే లేదు.

"ఎవడు కట్టిండు?"

"నేనే. మన ముడి గద కాకా, గుంజినా ఊడదు."

"ఊడదు. కరెంటు గూడ పోదు. ఇది పోగనుకున్నవా? తోలు గీకకుండ కడితె రాగికి రాగి ఎట్ల తాకుతది?"

"మా నాయిన గిదే నేర్పిండు."

"మీ నాయిన టెంపో నడిపిండా?"

ముడి కోసేసి, కొసలు గీకి, రాగి తీగలు మెలేసి, టేపు చుట్టాడు. కర్ర తీసి పక్కన పెట్టి, సీటెక్కాడు. ఆఖరి పరీక్ష తన కాలితోనే చేస్తాడు, ఎప్పుడూ అంతే. యోగేష్ వెనక్కి ఉరికాడు. గాలయ్య తొక్కాడు. మగ్గాల మోతలో అరిస్తే వినబడదని యోగేష్‌కు తెలుసు. రేకు మీద గట్టిగా ఒక దెబ్బ వేశాడు.

గాలయ్య కాలు పెడల్ మీంచి జారిపోయింది.  దిగి వెనక్కి నడిచాడు.

"వెలిగింది కాకా! రెండూ!"

"రేకును కొట్టకు."

"అరే, వెలిగిందనే గద..."

"కొట్టకన్న గద."

యోగేష్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. 

గాలయ్య మళ్ళీ సీటెక్కి బండిని వెనక్కి నడిపాడు. గల్లీ చివర కార్ఖానా గోడ, కొత్తగా సున్నం వేసింది. అక్కడ ఎండ పడదు. గోడకు మూరెడు దూరంలో ఆపి, అద్దంలో చూస్తూ పెడల్ తొక్కాడు. గోడ మీద రెండు ఎర్ర మచ్చలు. వదిలాడు, పోయాయి. మళ్ళీ తొక్కాడు. ఏడుసార్లు తొక్కాడు. ఏడూ నేను లెక్కపెట్టాను.

యోగేష్ బండి పాసయింది. ఇప్పుడు గాలయ్య ఎవరినీ నిజాంపురాకు పంపడు. ప్రతి బండినీ ఆ గోడ దగ్గరికే నడుపుతాడు. వెనక నిలబడి నేను చూస్తానన్నా వద్దంటాడు. స్టూలు మాత్రం ఇంకా ఒక్కటే.

ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. పొద్దు గుంకని సంగతి రెండుసార్లు చదివాను, మెచ్చుకుంటాడేమోనని. బ్యాటరీలో నీళ్ళు పోస్తూ, తల ఎత్తకుండా అన్నాడు:

"పొద్దు ఎప్పటి లెక్కనే గుంకింది. లైటు గోడ మీద పడ్డది. ఇంకొకరు చెప్పకుండ నేనొక్కన్నే చూస్కున్న."