అబామినేట్ అంటే ఇష్టం కాదు

మా వారి అక్క మా ఇంటి గడప తొక్కి రెండేళ్లు దాటింది. కారణం చిన్నదే. ఒక పెళ్లిలో ఆవిడ నలుగురి ముందు తన వయసు డెబ్బై అంది. నేను డెబ్బై మూడన్నాను. మా వారికి అప్పుడు అరవై తొమ్మిది, ఆవిడ ఆయనకన్నా నాలుగేళ్లు పెద్ద. కూడితే వచ్చేది అదే.

మొన్న మాచర్ల నుంచి నరసరావుపేటకు కంటి డాక్టరు కోసం వచ్చి, తనంతట తానే మా ఇంటికి వచ్చింది. సున్నుండలు తెచ్చింది. మాటలు కలిశాయి. భోంచేసి వెళ్తానంది. వయసు ఊసెత్తవద్దని మా వారు నన్ను వంటింట్లోకి పిలిచి మరీ చెప్పారు.

అంతలో మా మనవరాలు వచ్చింది. ఏదో పోటీ పరీక్షకని రోజూ ఇంగ్లీషు మాటలు బట్టీపడుతూ, ఒక్కోదానికి ఒక వాక్యం అల్లుకుంటోంది. ఆడపడుచు ముచ్చటపడి ఒక ముక్క చెప్పమంది. పిల్ల ఆలోచించకుండా ఆనాటి వాక్యం అప్పజెప్పింది: మై గ్రాండ్‌మదర్ అబామినేట్స్ హర్ సిస్టర్ ఇన్ లా.

ఆవిడ కళ్లల్లో చుక్కలు వేశారు గాని చెవులు బాగానే ఉన్నాయి.

"సిస్టర్ ఇన్ లా అంటే నేనేగా. మధ్యలో ఆ మాటేందే?"

పిల్ల నా వైపు ఓ చూపు చూసి, ఆవిడతో "చానా ఇష్టమని," అంది.

మా వారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ ఊరుకోవలసింది. కానీ పరీక్ష వచ్చే ఆదివారమే. తప్పు అర్థం నోటికి పడితే అక్కడ మార్కు పోతుంది.

"ఇష్టం కాదు, ఏవగించుకోవడం," అన్నాను.

ఆడపడుచు సంచి అందుకుంది. నేను ఆగలేదు. సగం అర్థం చెప్పడం అసలు చెప్పకపోవడం కన్నా చెడ్డది. ఊరికే గిట్టకపోతే ఆ మాట వాడరని, అబద్ధాన్నో క్రూరత్వాన్నో తలుచుకుని రోత పుట్టినప్పుడే వాడతారని చెప్పాను. మనిషి మీద వాడాలంటే ఆ మనిషి చేతి మంచినీళ్లు కూడా మన గొంతు దిగకూడదని చెప్పాను.

"ఇందాక నా సున్నుండలు రెండు దిగినయ్‌గా," అందావిడ.

"మూడు, వదినా."

ఆవిడ పిల్ల వైపు తిరిగింది.

"మూడు తిని కూడా మనిషి గిట్టకపోతే దాన్నేమంటారే?"

"డిస్‌లైక్," అంది పిల్ల బిక్కమొహంతో.

"అది సరిపోద్ది. మీ నానమ్మంటే నాకూ అదే," అని సంచి కింద పెట్టి, వంకాయ కూరలో కారం ఎప్పటిలాగా గుమ్మరించానా అని నన్ను అడిగింది.