మామకు నేను చూపించిన బోగత

జలపాతం చూడబోయి నీళ్లలో మునిగినవాళ్లుంటారు. నేను కాలైనా తడవకుండా, ఒడ్డు మీదే, అత్తింటివాళ్లందరి ముందూ నిలువునా మునిగాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

మాది లాల్‌దర్వాజా. చీరల అంచులు, లేసులు అమ్మే చిన్న దుకాణం. చార్మినార్ దాటితే నాకు దిక్కులు తెలియవన్న సంగతి పెళ్లయిన నెలకే మా ఆవిడ సుజాత కనిపెట్టేసింది. సైదాబాద్‌లోని మామకు మాత్రం అప్పటికింకా తెలియదు. ఆయన పెద్దల్లుడు, అంటే నా సడ్డకుడు, దేశమంతా తిరిగిన మనిషి. ఓ ఆదివారం భోజనాల దగ్గర ఆయన చిత్రకోట్ జలపాతం ఫోటోలు చూపిస్తుంటే మామ అన్నం కలుపుకోవడం కూడా మరిచిపోయాడు. నాకు కడుపు మండింది. నోట్లో ఉన్న ముద్ద మింగి ఊరుకుంటే సరిపోయేది.

"గదెంత మామా, మన బోగత ముంగట? నేను మస్తు సార్లు పోయిన," అన్నాను.

ములుగు అడవుల్లో ఉన్న ఆ బోగతను నేను చూసింది ఫోన్‌లో. అదీ నిలువుగా పట్టుకుని. అంత వెడల్పైన జలపాతం అందులో సగమే కనిపించింది.

మామ ముఖం వెలిగిపోయింది. వచ్చే ఆదివారమే తీసుకుపొమ్మన్నాడు. సుజాత నా వైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

జల్‌పల్లిలో ఉండే నా దోస్తు సలీం భాయ్, మామ, సడ్డకుడు, మేమూ పట్టేలా పెద్ద కారు తెచ్చాడు. బయల్దేరగానే ఫోన్‌లో మ్యాప్ పెట్టబోతే నేను చటుక్కున ఆపాను. మస్తు సార్లు పోయినవాడికి మ్యాప్ ఎందుకని మామ అనుకోడూ?

"రాస్తా మాలూం హై నా భాయ్?" అని, దారి తెలుసు కదా అన్నట్టు, సలీం మెల్లగా అడిగాడు.

"ఫికర్ జెయ్యకు. కండ్లు మూసుకొని తీస్కపోత," అన్నాను. ఆ రోజు నేను ఆడిన నిజం అదొక్కటే.

ములుగు దాటాక ఏ దారి పచ్చగా కనిపిస్తే ఆ దారి చూపించాను. వారంగా వానలు పడుతున్నాయేమో, అంతా పచ్చగానే ఉంది. చివరికి ఎక్కడో నీటి హోరు వినిపించింది. మలుపు తిరిగితే, తెల్లటి నీళ్లు ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకుని దూకుతున్నాయి. జనం ఫోటోలు తీసుకుంటున్నారు, మక్క కంకులు కాలుస్తున్నారు. నా ప్రాణం లేచివచ్చింది. బండి ఆపించి, మా తాత కట్టించినట్టు చెయ్యి చాచి చూపించాను.

సడ్డకుడు కళ్లు చిట్లించాడు. "వీడియోలల్ల సుట్టూ బండలు, అడవి ఉండె గదా తమ్మీ?"

"వరదల మునిగినయన్నా."

"ఎత్తు గూడ తక్కువుంది."

"వెడల్పు జూడన్నా. బోగతంటేనే వెడల్పు."

మామ నా మాటకే తల ఊపాడు. నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. పెళ్లయ్యాక ఆ చెయ్యి నా భుజం మీద పడడం అదే మొదటిసారి. నిజం చెబుతున్నాను, నాకు కళ్లు చెమర్చాయి. అంతటితో ఇంటికి బయల్దేరి ఉంటే ఈ కథ లేదు. కానీ మామకు హుషారెక్కింది. వల భుజాన వేసుకుని వస్తున్న ఓ పెద్దాయనను ఆపి, మీ బోగత చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచి వస్తారని అడిగాడు.

"బోగతనా?" అన్నాడాయన. "గది వాజేడు దిక్కున్నది, ఎనుకకు మర్లి పోవాలె. ఇది మా ఊరి చెరువు. నిండి మత్తడి దుంకుతున్నది."

చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే గట్టుకు నేను అత్తింటివారిని చేర్చానన్నమాట. సుజాత సంచిలో ఏదో వెతకసాగింది. సలీం టైర్లలో గాలి చూడ్డానికి వెళ్లిపోయాడు. సడ్డకుడు నవ్వడానికి నోరు తెరిచాడు. మామ చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది, ఎప్పుడు తీసేస్తాడా అని నేను దాన్నే చూస్తున్నాను.

మామ నన్ను చూశాడు. తన ఫోన్ చూసుకున్నాడు. "బోగత జలపాతం, చిన్నల్లుడు చూపించిండు" అంటూ కాలనీ గ్రూపుకు ఫోటోలు అప్పటికే పోయాయి. పొగడ్తలు వచ్చిపడుతున్నాయి. సడ్డకుడు కూడా బోగత అనే స్టేటస్ పెట్టుకున్నాడు. అది గుర్తొచ్చి ఆయన నోరు మూతపడింది.

"పెద్దాయనా, ఈ చెరువుకు బోగత అని ఇంకో పేరు గిట్ల ఉన్నదా?" అని మామ అడిగాడు.

"లేదు."

మామ నీళ్లకేసి చూశాడు. "ఇగ ఉన్నది," అన్నాడు.

ఆ పెద్దాయన దగ్గరే చేపలు కొనుక్కుని ఇంటికొచ్చాం. కారులో ఎవరూ ఆ మాటెత్తలేదు, ఇప్పటికీ ఎత్తరు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: ఇకపై లాల్‌దర్వాజా నుంచి చార్మినార్‌కు పోయినా మ్యాప్ పెట్టుకునే పోతాను, మా ఇంటి దేవుడి మీద ఆన.

మొన్న మామ ఫోన్ చేశాడు. వానలు పడ్డాయి కదా, కాలనీవాళ్లు బస్సు మాట్లాడుకున్నారట. నేనే దారి చూపాలట. "మన బోగతకే తోలుకపోవాలె అల్లుడా. అసలుదానికి పోతే ఫోటోలు కలువయి," అన్నాడు.

ఒట్టు ప్రకారం మ్యాప్ తెరిచాను. వెతికాను. మా బోగత అందులో లేదు.