వదిన నా ఒడిలో పెట్టిన చేట

మా ఎదురింటి వదిన గత మంగళవారం ఉదయం ఆరున్నరకు కన్నుమూసింది. ఆరూ నలభైకి ఆమె కొడుకు పెట్టిన మెసేజ్‌లో చూసి తెలుసుకున్నాను. మా రెండు గడపల మధ్య వీధి ఇరవై రెండు అడుగులు.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. అది మానుకున్నాక వ్యాపారుల దగ్గర చింతపండు తెచ్చి గింజ తీసి ఇచ్చేది. సాయంత్రం నాలుగున్నరకు చేట పట్టుకుని మా వసారాలోకి వచ్చేది.

నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. మా ఆయన పోయాక, ఇల్లు చడీచప్పుడు లేకుండా పోయి, ఫోన్ పట్టుకున్నాను. పాత టీచర్ల గ్రూపులు మూడు, ఆపైన వీడియోలు. వదిన ఏదో చెబుతుంటే ఊ కొడుతూ ఫోనే చూసేదాన్ని. పాఠం వినకుండా తల దించుకున్న పిల్లలను బెంచీ ఎక్కించిన మనిషిని నేను.

ఆమె మాట ఆపి, చేట తెచ్చి నా ఒడిలో పెట్టేది. చింతపండు జిగురు చేతులతో ఫోన్ ముట్టుకోలేం. పని తెమలక నన్ను వాడుకుంటోందనుకుని, ఒకరోజు సాయానికి ఇంకెవరినైనా చూసుకోమన్నాను. చేట తీసుకుని వెళ్లిపోయింది. పదకొండు రోజులు రాలేదు. ఆ పదకొండు రోజులూ ఫోన్ ఇంకా ఎక్కువ చూశాను, సాయంత్రాలు మాత్రం గడవలేదు.

పన్నెండో రోజు నేనే వీధి దాటి, తప్పు నాదన్నాను. చాప మీద జరిగి చోటిచ్చింది. ఆమె వేళ్లు నాకంటే మూడింతలు వేగంగా ఆడుతున్నాయి. మరి నా సాయం దేనికని అడిగాను.

"సాయమా? నువ్వు తీసిన పండులో గింజలు మళ్లా నేనే ఏరుకుంటా ఉంటి వదినా" అంది. చేతిలో గింజ అవతల వేసి, "అన్న పోయినాక ఒంటిగా ఉండావని వచ్చినా. నువ్వేమో నన్ను పక్కన కూర్చోబెట్టి ఒంటిదాన్ని చేసినావు" అంది.

కోపంగా అనలేదు. నేను చేట నా ఒడిలోకి లాక్కున్నాను.

మర్నాటి నుంచి నాలుగున్నర మొదలు ఆరు దాకా నా ఫోన్ లోపల బీరువా మీదే ఉండేది. పండు కాలం అయిపోయినా ఆమె రావడం మానలేదు. లోపల మోగితే నేను కదిలేదాన్ని. "అది రేపు గూడా మోగుతాది, కూర్చో" అనేది. చివరి నెల ఆమె లేవలేకపోతే నేనే వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను.

బంధువులంతా వెళ్లాక, నిన్న సాయంత్రం ఆమె కోడలు మా వసారాలోకి వచ్చి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి తనే ఫోన్ బోర్లించి, అత్తమ్మ ఇక్కడ రోజూ ఏం మాట్లాడేదని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. వింటూ వెనక్కి వాలింది. గోడ మీద వదిన తల ఆనిన చోట నూనె మరక ఉంది. దానికి జానెడు పైన ఆ పిల్ల తల ఆనింది.