ఇంటికి పోయిన కత

అమావాస్య సాయంత్రం మా పుదుచ్చేరిలో బండి నడపడం ఒక విద్య. ప్రతి కొట్టు ముందూ బూడిద గుమ్మడికాయ పగులుతుంది. తెల్లటి గుజ్జు మీద కుంకుమ, పక్కనే కర్పూరం కాలిన మసి, చూసి నడపనివాడి నడుం విరగడానికి కావలసినవన్నీ ఉంటాయి. మొన్న ఒక హార్డ్‌వేర్ కొట్టు ముందు ఆ గుజ్జు మీద నా స్కూటర్ చక్రం జారింది. కాలు ఆనించి ఎలాగో నిలదొక్కుకుని, కొట్టువాణ్ణి నాలుగు మాటలు అందామని నోరు తెరిచాను. ఇంతలో పచ్చి గుమ్మడి వాసన, కర్పూరం వాసన కలిసి ముక్కుకు తగిలాయి. తిట్టు నోట్లోనే ఆగిపోయింది. సుభద్రత్త గుర్తొచ్చింది. ఆమె పోయి కొన్నేళ్లయింది గాని, ఈ వాసన తగిలిన ప్రతిసారీ ఆమె ఒక గదిలో నిలబడి ఒక పెద్దమనిషిని నెమ్మదిగా ప్రశ్నలు అడుగుతున్నట్టే ఉంటుంది నాకు.

ఆమె టి. సుభద్ర, న్యాయవాది. పనిలో దెబ్బ తగిలిన కూలీల కేసులు తప్ప వేరేవి పట్టేది కాదు. నటేశన్ నగర్‌లో మా వీధే. వాళ్లింటి ముందుగదే ఆఫీసు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను లా పూర్తిచేసి ఆమె దగ్గర జూనియర్‌గా చేరాను. ముందుగదిలో ఆమె మేడం, వంటింటి గడప దాటితే అత్త. గడపకు ఇవతల పొరపాటున అత్తా అన్నానంటే కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూసేది, అంతే, ఆ పూటకు కాఫీ ఉండదు. మావి ఎప్పుడో తరాల కిందట ఇక్కడికి వచ్చి నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు. తెలుగు మా నోటికే గాని కళ్లకు రాదు. నెల్లూరులో చదువుకున్న రోజుల్లో నేను లిపి నేర్చుకున్నాను గాని, అత్తకు కడదాకా రాలేదు. నేను ఇలా రాశానని తెలిస్తే, చదివి వినిపించమని ముందు కూర్చునేది, ప్రతి వాక్యానికీ ఒక వంక పెట్టేది.

ఆమె పనిచేసే తీరు మొదట్లో నాకు ఒంటబట్టలేదు. దెబ్బ తగిలిన మనిషి వచ్చి ప్రమాదం ఎలా జరిగిందో చెప్పబోతే చేయెత్తి ఆపేది. "అది ఉండనీప్పా. దెబ్బ తగిలిన దినం ఇంటికెట్లా పోయినావు? అది చెప్పు" అనేది. వచ్చినవాడు తెల్లమొహం వేసేవాడు, నేనూ వేసేదాన్ని. చట్టం పుస్తకాల్లో ఎక్కడా లేని ఆ ప్రశ్నతో పొద్దంతా గడిచిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "దెబ్బ కత వాడు ఊరంతా చెప్పుంటాడు. చెప్పి చెప్పి అరిగిపోయుంటాది. ఇంటికి పోయిన కత వాణ్ణి ఎవురూ అడిగుండరు, అది ఇంకా పచ్చిగానే ఉంటాది" అంది. నాకు నచ్చలేదు. జూనియర్లకు అన్నీ తెలుసని ఒక నమ్మకం ఉంటుంది కదా.

పెరుమాళ్ వచ్చింది ఆ రోజుల్లోనే. బాహూరు దగ్గర పల్లె, మా తెలుగువాడే. కుడిచేతికి రెండు వేళ్లు లేవు, మిగిలిన మూడూ ముడుచుకోవు, ఆ భుజం చెవి ఎత్తుకు లేవదు. ఇవన్నీ ఒకచోట జరిగినవి కావు. మొదట రేకులు కోసే షెడ్డులో ప్రెస్సు మిషను కింద వేళ్లు పోయాయి. తర్వాత సిమెంటు గోడౌన్‌లో మూటల వరస మీద పడి భుజం దెబ్బతింది. చివర ప్లాస్టిక్ బకెట్లు చేసే కంపెనీలో అచ్చు మూసుకుని అరచేయి నలిగింది. ఇప్పుడు ఆ చేత్తో గ్లాసు కూడా పట్టుకోలేడు, పనికి ఎవరూ పెట్టుకోరు. నష్టపరిహారం అడిగితే ముగ్గురు యజమానులూ మూడు జవాబులు పంపారు. మా దగ్గర ప్రమాదమే జరగలేదని షెడ్డు. వాడు మా మనిషే కాదు, కావాలని దెబ్బ తగిలించుకుని యజమానుల మీద ఫిర్యాదులు చేయడమే వాడి బతుకని గోడౌన్. పాడైన చేత్తోనే మా దగ్గరికి వచ్చాడు, మేమేం పాడుచేశామని ప్లాస్టిక్ కంపెనీ. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెడు కాదు గదా, చిటికెడు పుచ్చుకునేవాడు కూడా లేడు.

కేసు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది భార్య నాట్లకు పోయిన రోజుల్లోనే. కానీ పెరుమాళ్‌ను ఎక్కువగా తొలిచింది ఆ రెండో జవాబు. నేను దాన్ని చదివి తెలుగులో చెప్పినప్పుడు తలొంచుకుని విన్నాడు. "నేనే చేయి పెట్టుకుంటానా మేడం, ఎవురన్నా పెట్టుకుంటారా?" అని నన్ను కాదు, అత్తను అడిగాడు.  అత్త మామూలుగా తన ప్రశ్నే అడిగింది, మూడు దెబ్బల తర్వాతా ఇంటికి ఎలా పోయావని.

పెరుమాళ్ ఒక్కొక్కటే గుర్తుచేసుకుని చెప్పాడు. ప్లాస్టిక్ కంపెనీ వాళ్లు వ్యానులో ఆస్పత్రికి తీసుకెళ్లారు, కాబట్టి అక్కడ ప్రమాదం జరిగిందని వాళ్లూ కాదనలేరు. గోడౌన్ నుంచి బస్సులో వచ్చాడు, ఒక్కడే, ఎడంచేత్తో కమ్మీ పట్టుకుని. షెడ్డు యజమాని సంగతికి వచ్చేసరికి అతని గొంతు కొంచెం మెత్తబడింది. "మా ముదలాళి తన బండిలోనే ఆస్పత్రికి తోలుకోనిపోయినాడు. కట్టు కట్టించినాక నేరుగా ఇంటికి తేలేదు మేడం. మళ్లా షెడ్డు కాడికి తీసకపోయినాడు. పూసణికాయ తెప్పించి పెట్టుండినాడు. నాకూ మిషనుకూ కలిపి తిరుష్టి తీసి, వాకిట్లో కొట్టినాడు. ఆపైన ఇంట్లో దింపి, మా యమ్మ కాడ కూసోని ఏడ్చినాడు." కట్టు కట్టిన ఆ చిన్న ఆస్పత్రి ఎప్పుడో మూతపడింది. ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్లు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు, నోరు విప్పరు. నేను ఆ గుమ్మడికాయ దిష్టి సంగతి రాసుకోలేదు కూడా. అత్త మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అది ఆమె ఆలోచిస్తున్నదనడానికి గుర్తు.

విచారణ కార్మిక కమిషనర్ ముందు. షెడ్డు యజమాని ఎస్. జగన్నాథన్ నుదుట బొట్టుతో, మడత నలగని చొక్కాతో వచ్చాడు. ఆయనా మావాడే. ప్రశ్నలూ జవాబులూ తమిళంలోనే నడిచాయి గాని, నాకెందుకో అవి తెలుగులోనే గుర్తున్నాయి. అత్త ప్రమాదం ఊసే ఎత్తలేదు.

"మీ షెడ్డులో పూసణికాయ ఎప్పుడెప్పుడు కొడతారన్నా?"

"అమాస అమాసకీ కొడతాము. ఆయుధపూజకీ కొడతాము."

"నడుమలో ఎప్పుడన్నా కొట్టినారా?"

ఆయన లాయరు లేచి, ఈ ప్రశ్నకూ కేసుకూ ఏమిటి సంబంధమన్నాడు. చెప్పనివ్వండి అన్నారు కమిషనర్. జగన్నాథన్ పెరుమాళ్ వైపు చూశాడు. మొహం వైపు కాదు, ఒళ్లో పెట్టుకున్న ఆ చేయి వైపు.

"ఒక తూరి కొట్టినాము."

"ఎందుకు?"

"మిషను రక్తం చూసింది. చూసినాక తిరుష్టి తీయకుండా ఎట్లా నడిపించేది?"

"ఎవురి రక్తమన్నా అది?"

"పెరుమాళ్‌ది" అన్నాడు. ఆయన లాయరు కుర్చీలో కూలబడ్డాడు.

వసారాలోకి వచ్చాక నాకు నవ్వు ఆగలేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడట, అచ్చం అలాగే ఉందత్తా అన్నాను. ఆఫీసు మనిషిగా ఉండవలసిన చోట అత్తా అన్నందుకు కూడా ఆమె కోప్పడలేదు. నిలబడిపోయింది. "దొంగ యాడుండాడు ఇందులో?" అంది. "ముగ్గురిలో వాణ్ణి ఇంటిదాకా దింపింది ఈయనొక్కడే. అందుకే దొరికినాడు. ఆ గోడౌనోడు తిరుష్టీ తీయలేదు, బస్సు దాకా తోడు కూడా పంపలేదు. వాణ్ణి పట్టుకునేదానికి మన చేతిలో ఏముండాది? మంచోడే మనకు దొరికేది, చూసినావా?" నాకు నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. గెలుపులో ఇలాంటిది కూడా ఒకటి ఉంటుందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

అంతలో జగన్నాథనే మా వైపు వచ్చాడు. తిడతాడనుకున్నాను. "లాయరు రాసిచ్చినదానికి సంతకం పెట్టినానమ్మా. ఏమీ జరగలేదని కాగితంలో అనేదానికి నోరు అక్కరలేదు గదా" అన్నాడు. మళ్లీ తనే, "సామి పని గురించి అడిగితే అబద్ధం యాడ వస్తాది" అన్నాడు. అత్త ఆయనకు చేతులు జోడించింది. ఎదుటి పక్షానికి ఆమె చేతులు జోడించడం నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత ప్లాస్టిక్ కంపెనీ వంతు. వాళ్ల వాదన ఒకటే, చేయి ముందే పాడైందని. ఆ చేయి చూసే కదా పనికి పెట్టుకున్నారు, ఆ మూడు వేళ్లతోనే కదా అన్నాళ్లు మీ బకెట్లు చేశాడు, ఆ మూడింటినీ పనికిరాకుండా చేసింది ఎవరు అని అత్త అడిగింది. వేళ్లు ఒకరివి, అరచేయి ఒకరిది, భుజం ఒకరిది అని వాళ్లు పంచుకుంటున్నారు, చేయి మాత్రం పెరుమాళ్‌ది అంది. ఆ మాట నాకు ఇప్పటికీ ఇష్టం.

తీర్పు వచ్చింది. వేళ్లకు షెడ్డు, అరచేతికి ప్లాస్టిక్ కంపెనీ చెల్లించాలి. భుజం సంగతి రుజువు కాలేదు, గోడౌన్‌కు సంబంధం లేదు. నేను సంతోషం పట్టలేక పెరుమాళ్ పక్కింటికి ఫోన్ చేసి చెబుతానన్నాను. వద్దంది అత్త. నా స్కూటర్ వెనక కూర్చుని, తన ఫైలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని, బాహూరు దారిలో ప్రతి గుంటకూ నన్ను తప్పుపడుతూ వచ్చింది. పెరుమాళ్ భార్య చాప వేసి, మజ్జిగ ఇచ్చింది. అత్త మజ్జిగ ముట్టుకోలేదు.

"ముందు ఓడింది చెప్తాను. భుజం ఓడిపోయినాం" అంది.

 రెండు గెలిచి ఒకటి ఓడితే ఇలాగా మొదలుపెట్టేది అనుకున్నాను.  పెరుమాళ్ అడిగాడు.

"నేను అబద్ధం చెప్పినానని రాసినారా మేడం?"

"లేదు. రుజువు కాలేదని రాసినారు."

"అంటే ఏంది?"

"అది నిజమో కాదో వాళ్లకు తెలీలేదని."

అతను ఎడంచేత్తో ఆ భుజాన్ని పట్టుకున్నాడు. "మీకు తెలుసునా?"

"నాకు తెలుసు" అంది అత్త.

పెరుమాళ్ తలూపాడు. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త గెలిచిన సంగతి చెప్పింది ఆ తర్వాతే, అది కూడా గబగబా, పెద్ద విశేషం కానట్టు. వాళ్లు ఏడ్చింది దానికి కాదు, నాకు తెలుసు అన్న మాటకే. తిరిగి వచ్చేటప్పుడు నేను అలిగి మాట్లాడలేదు. చెరువు దాటాక అత్తే అంది. "గెలిచింది వాడి చేతికి వస్తాది, ఎవురు చెప్పినా ఒకటే. ఓడింది మనమే చెప్పాల. లేకుంటే వాడు దాన్ని ఒక్కడే మోసుకోని ఇంటికి పోతాడు."

ఇప్పుడు ఆ ముందుగది నాది. పోయిన నెల, మిక్సీ విడిభాగాల కంపెనీలో చూపు దెబ్బతిన్న ఒకామె కేసులో తీర్పు వచ్చింది. ఎడమకంటికి పరిహారం వచ్చింది, కుడికంటిది పాత జబ్బని కొట్టేశారు. ఫోన్ చేయలేదు. లాస్‌పేటలో ఆమె ఉండే సందు వెతుక్కుంటూ వెళ్లాను. గడపలో కూర్చుని, ముందు కుడికన్ను ఓడిపోయామని చెప్పాను. అది పాత జబ్బు కాదని నాకు తెలుసని కూడా చెప్పాను. ఆమె నా చేయి పట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా, గెలిచిన మాటను నోట్లోనే ఉంచుకుని కూర్చున్నాను.