ఇంగువ వేసిన కొర్రమట్ట

మానుకోట జిల్లా అయిన కొత్తల నన్ను జనగామ నుంచి అక్కడి సర్కారు దవాఖానకు బదిలీ చేసిన్రు. హోదా కుక్కు, పని వంటశాలల. బదిలీ కాగితంల నన్ను ‘మంచి అనుభవం గల ఉద్యోగి’ అని రాసిన్రు. మనిషిని వదిలించుకోవాలనుకున్నప్పుడే ఆఫీసోళ్లకు అసొంటి మంచి మాటలు గుర్తుకొస్తయి. నా చదువు ఆరో తరగతి. దాన్ని రెండుసార్లు చదివిన. మొదటిసారి నేను సారుకు నచ్చలే, రెండోసారి సారు నాకు నచ్చలే. అట్ల గరిటె పట్టిన.

దవాఖాన వంటల సొంత తెలివి పనికిరాదు. పొద్దున వార్డుల నుంచి హెడ్ నర్సు చీటీ పంపుతది. మామూలు తిండి ఎందరికి, గంజి, పాలు ఎందరికి, గుడ్డు ఎక్కువ పెట్టవలసింది ఎందరికి అని. దాన్ని బట్టి స్టోరుల సామాను తూకమేసి తీసుకోవాలె. వండినంక డ్యూటీ డాక్టరు ఒక ముద్ద తిని సంతకం పెడితేనే బండి వార్డుకు కదులుతది. ఆ ముద్ద మింగేటప్పుడు డాక్టర్ల ముఖం చూసుడే నా ఉద్యోగంల దొరికిన వినోదం.

చేప ఆ చీటీల ఎన్నడూ లేదు. కాని మాది చెరువుల వలలేసే ఇల్లు. ఆ సంగతి దవాఖానల అందరికీ ఎరుకే. అందుకే ఒకనాడు పెద్ద డాక్టరు నన్ను మగవాళ్ల వార్డుకు పిలిపించిండు.

మంచం మీద ఉన్నది కేసముద్రం ధాన్యం వ్యాపారి సోమయ్య సేటు. పట్నంల కడుపుల గడ్డకు ఆపరేషన్ అయింది. మిగతా వైద్యం సురువు చెయ్యాలంటే ముందు ఒళ్లు పట్టాలె, లేకుంటే ఆ మందులకు మనిషి ఆగడు అని చెప్పి పంపిన్రు. ఇక్కడ చూస్తే పాలు తాగితే కక్కుతుండు, పప్పు పడ్తలేదు, గుడ్డు దగ్గరికి తెస్తే మొఖం తిప్పుకుంటుండు. దుప్పటి కింద మనిషి ఉన్నడా లేడా అన్నట్టుండె. పక్కన ఆయన భార్య విజయమ్మ స్టూలు మీద కూసొని ఉంది.

డాక్టరు చెప్పింది ఒక్కటే మాట. తేలికగ అరిగేది, వాసన లేనిది, ముల్లు తక్కువున్న చేప పెట్టి చూద్దాం. ఏ చేపనో ఈ సాయిలు చెప్తడు అని నన్ను చూపించిండు.

ఆ ఇంట్ల తరతరాలుగ చేప కాదు గదా, ఉల్లిగడ్డ సుత లోపలికి రాలే. నేను దవాఖాన వంటశాలల వండి ఇద్దామంటే బయటి సామాను పొయ్యి ఎక్కియ్యొద్దని రూలు. హోటల్ నుంచి తెప్పిద్దామంటే సేటు తల అడ్డం ఊపిండు. పెండ్లయినప్పటి నుంచి ఆమె చేతి వంట తప్ప తినలేదట. విజయమ్మ స్టూలు మీది నుంచి లేచింది.

“నేనే వండుత. నువ్వు నేర్పు సాయిలూ” అన్నది.

సేటును ఇంటికి పంపిన్రు. వారానికోసారి తీసుకొచ్చి బరువు చూపియ్యాలె.

మరునాడు విజయమ్మను మానుకోట చేపల మార్కెటుకు తీసుకపోయిన. ఇప్పుడు నేనుండే భూపాలపల్లిల, బొగ్గు గనుల కొత్తగ చేరి ఒక్కళ్లే గదులల్ల ఉండే పోరగాండ్లు నన్ను అడుగుతరు, మొదటిసారి ఏ చేప కొనాలె అని. ఆమెకు చెప్పిందే వాళ్లకూ చెప్త. రవ్వ రుచే, కాని దారాల లెక్క సన్న ముండ్లుంటయి, కొత్తోళ్ల గొంతుకు పనికిరాదు. జెల్ల వాసన కొడ్తది. బొచ్చె నయమే, నడిమి ముక్కలు మాత్రమే తీసుకోవాలె. తోక దిక్కు ముల్లెక్కువ. మొదటిసారి తినేటోనికి కొర్రమట్టను మించింది లేదు. నడిమిట్ల ఒక్కటే ముల్లు, తెల్లటి కండ, నీసు వాసన తక్కువ. అది నీళ్లల్ల బతికి ఉండంగనే కొనాలె. మరీ పెద్దది వద్దు, కండ పీచు పీచుగుంటది. తొట్టిల నీళ్లు బురద వాసనొస్తే చేప సుత అట్లనే ఉంటది. ఒకవేళ చచ్చిన చేప కొనవలసొస్తే కన్ను నిగనిగ మెరవాలె, మొప్ప ఎర్రగుండాలె, వేలుతోని ఒత్తితే సొట్ట పడొద్దు.

ఇదంతా చెప్తుంటే విజయమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని నిలబడ్డది. చేపలమ్మే అవ్వ ఊకుంటదా?

“ముక్కు మూసుకొని చేపను కొనేటోళ్లను ఇయ్యాలనే చూస్తున్న. కండ్లన్న తెరిచే ఉంచు బిడ్డా” అన్నది.

విజయమ్మ కొంగు తీసేసింది. మళ్ల ఎన్నడూ అడ్డం పెట్టుకోలే.

ఆ మధ్యాహ్నం రైలెక్కి కేసముద్రం పోయినం. ఇంట్ల సేటు తల్లి షరతులు పెట్టింది. పొయ్యి ఇంటెనుక గొడ్ల కొట్టం పక్కన ఉండాలె. గిన్నె వేరే, గరిటె వేరే. వండినంక తలస్నానం చేసి గాని కోడలు గడప లోపల కాలు పెట్టొద్దు. ముసురు పట్టిన రోజులు. ఆ అన్ని రోజులు విజయమ్మ జుట్టు ఆరంగ నేను చూడలే.

చేపను నేనే కోసి, బూడిద, ఉప్పు వేసి బండ మీద రుద్ది జిగురు పోగొట్టి ఇచ్చిన. వండే పద్ధతి చెప్పి, గిన్నెలు కడిగే నీళ్లకని బోరింగు కాడికి పోయిన. వచ్చి చూసేసరికి పని అయిపోయింది. వంకాయ ముక్కలను ఉప్పునీళ్లల్ల వేసినట్టు చేప ముక్కలను నీళ్లల్ల నానబెట్టింది. చింతపండు పులుసుల ఇంగువ వేసింది. పప్పును తిప్పినట్టు గరిటె పెట్టి గుండ్రంగ తిప్పింది. ముల్లు ఒక దిక్కు, కండ ఒక దిక్కు, ఏది చేపనో ఏది చారో దేవునికే ఎరుక.

“అమ్మా, చేప మళ్ల ఈతకు పోయినట్టుంది” అన్న.

ఆమె నవ్వలే. ఉప్పు సరిపోయిందా, నోట్ల వేసుకొని చూడమన్న. నా నోట్ల పెట్టను అన్నది.

“రుచి చూడకుండ ఎట్ల తెలుస్తదమ్మా?”

“దేవునికి నైవేద్యం రుచి చూసి పెడ్తమా? ఇది అంతే.”

కొట్టం పక్కనే మంచమేసి సేటును కూసోబెట్టిన్రు. పులుసుల నుంచి ముండ్లు ఏరి, అన్నంల పిసికి, చిన్న ముద్ద చేసి ఆమె సేటు నోట్ల పెట్టింది. నేను దూరంగ నిలబడ్డ. ఇంత ఖరాబైన కూర దవాఖానల వండి ఉంటే డ్యూటీ డాక్టరు నన్నే ఉడకబెడుతుండె. సేటు మెల్లగ నమిలిండు, మింగిండు, నోరు తెరిచిండు. ఇంకో ముద్ద తిన్నడు. కక్కలే.

నేనేమో గాలివాటానికి తగిలిందనుకున్న. సరిగ్గ వండితే ఇంకా బాగ తింటడు గదా అనుకొని, రెండోసారి దగ్గర కూసొని అక్షరం పొల్లుపోకుండ చెయ్యించిన. ఉప్పు, పసుపు, మజ్జిగతోని కడిగి వెంటనే తీసుడు. వెడల్పు గిన్నెల ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేగినంక ఇంగువ లేని పలుచటి పులుసు, అది మసలినంక ముక్కలు పరుసుడు. గరిటె పెట్టేది లేదు, గుడ్డతోని గిన్నె అంచులు పట్టి తిప్పాలె. సన్నటి మంట మీద, కండ తెల్లబడి ముల్లును విడిచినంక దించి మూతపెట్టాలె. ఒక్క ముక్క చెదరలే. ఈ కూర చూపించి నేను ప్రమోషన్ అడగొచ్చు.

సేటు వాసన చూసి మొఖం తిప్పుకున్నడు.

“ఎవరింటి కూరనే ఇది?” అన్నడు భార్యతోని. ఆ పూట ఏమీ తినలే.

మూడోసారి నేను నోరు మూసుకున్న, అది నాకు చాలా కష్టమైన పని. విజయమ్మ తన ఇష్టమొచ్చినట్టు వండుకున్నది. ముక్కను ముందుగాల పసుపు నీళ్లల్ల ఉడికించి ముల్లు తీసి, ఆ కండను ఇంగువ పులుసుల కలపమని ఒక్క మాట మాత్రం చెప్పిన. అట్ల దినం తప్పి దినం వండింది. ముసలామె కొట్టం దిక్కు ఎన్నడూ తొంగిచూడలే. కాని కోడలు స్నానం చేసి వచ్చేదాక గడపల కూసొని, “ఇయ్యాల తిన్నడా?” అని అడిగేది.

తూకం ముల్లు జరంత జరంత పైకి కదిలింది. పట్నంల వైద్యం సురువు చేసిన్రు. మొదటి విడత మందులకు సేటు ఆగిండు. రెండో విడతకు ఆగలే. రోగం అప్పటికే మిగతా ఒళ్లంత పాకిందని చెప్పిన్రు. పత్తి లారీలు మార్కెట్ యార్డు గేటు దాటి రోడ్డు మీదిదాక వరుస కట్టిన రోజులల్ల మనిషి పోయిండు. నేను పోయేసరికి కొట్టం పక్కన ఆ గిన్నె బోర్లించి ఉంది. దాన్ని ఎవరూ పారెయ్యలే, ఎవరూ లోపలికి తీసుకపోలే.

ఈ సంగతి నాకు నేర్పింది చిన్నదే. రోగికి వండేటప్పుడు పదార్థం ఏదన్నది డాక్టరు చెప్తడు, దాన్ని ఎట్ల కొనాలె, ఎట్ల కడగాలె అన్నది వంటమనిషి చెప్తడు, రుచి మాత్రం ఆ ఇంటిదే ఉండాలె. ఇప్పుడు ఎవరన్న కొత్తగ చేప వండుడు నేర్పమంటే, మీ ఇంట్ల పులుసు ఎట్ల పెడ్తరో ముందు అడుగుత.

రిటైరయ్యే ముందట ఒకసారి కేసముద్రం స్టేషన్ల విజయమ్మ కనిపించింది. సేటు గురించి ఏం మాట్లాడాలెనో తెల్వలే. తెల్వనప్పుడు నా నోరు పరాచికానికే పోతది.

“చేప కూర నేర్పిన గురువును, నాకు దక్షిణ ఏదమ్మా?” అన్న.

ఆమె సంచి ఈ చేతిల నుంచి ఆ చేతికి మార్చుకున్నది.

“నువ్వు చెప్పినట్టు వండిన దినమే ఆయన పస్తున్నడు సాయిలూ. ఏం చూసి ఇయ్యాలె?” అన్నది.